ఎడమ చక్రం మీది బరువు

…కుడివైపు షాకబ్జర్ ఎందుకు పోదు? మూడుసార్లూ ఎడమదే, అందులోనూ వెనక ఎడమదే ఎందుకు పోవాలి? నడిపేవాడు కూర్చునేది కుడివైపు. అతని ఒంటి బరువు పడేది కుడి చక్రాల మీద. న్యాయంగా అలసిపోవలసినవి అవి. ఎడమ సీటు ఖాళీ. పదిహేను నెలలుగా ఖాళీ. ఖాళీ సీటుకు ఎంత బరువుంటుంది?

క్లాసులో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు నవ్వుతారు. ఈ మధ్య వాళ్లు ఎలాగూ నవ్వుతున్నారు. పాఠం చెబుతూ చెబుతూ అతని కుడి చెయ్యి గాలిలో ఏదో మరమేకును బిగిస్తున్నట్టు తిరుగుతుందట. నాలుగు మరలు. నాలుగోది అయ్యాక చెయ్యి దానంతట అదే దిగిపోతుందట. ముందు బెంచీలో ఒకమ్మాయి లెక్కపెట్టి మరీ చెప్పింది. మనసు దాచినదాన్ని ఒళ్లు బయటపెడుతుందని పన్నెండేళ్లుగా బోర్డు మీద రాస్తున్న సారంగపాణి, ఆ మాట విని "అలవాటు" అనేసి సుద్దముక్క అందుకున్నాడు.

మెకానిక్ లియాఖత్ అలీ షెడ్డులో స్టూలు మీద కూర్చున్న సారంగపాణి ఇప్పుడు తన చెయ్యి వంక చూసుకున్నాడు. కదలకుండా మోకాలి మీద ఉంది.

మే నెల. పన్నెండు దాటింది. కాజీపేట జంక్షన్ వైపు ఏదో గూడ్సు బండి సిగ్నలు కోసం ఆగి ఉండి ఉండి ఈల వేస్తోంది. రోడ్డు మీద మనిషి లేడు. తెల్లటి ఎండలో రోడ్డు కొంచెం పైకి లేచి ఊగుతున్నట్టుంది.

షెడ్డు మధ్యలో బండి నిలబడి ఉంది. ఇంగ్లండులో పుట్టి ఇరవై ఏడేళ్లు. హైదరాబాదులో ఒక నవాబుగారి దివాణం నుంచి రెండు చేతులు మారి ఏడేళ్ల క్రితం అతని దగ్గరికి వచ్చింది. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, ఆకుపచ్చ రంగు, కళ్లు మిటకరించినట్టుండే దీపాలు. హనుమకొండలో అందరూ కప్ప బండి అంటారు. అతని జీవితంలోని ఒకే ఒక్క దుబారా అది. ఇప్పుడు అది ఎడమవైపు వెనక్కి కుంగి, ఎవరో ఎక్కి కూర్చుని డ్రైవరు కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

దసరా సెలవుల్లో మొదటి షాకబ్జర్ చెయ్యి విరిగింది. శివరాత్రి నాటికి రెండోది నూనె కక్కింది. మూడోది నిన్న, కాలేజీ గేటు దగ్గర, సైకిళ్లు కూడా పట్టించుకోని గుంటలో. ఇవాళ మూడు గంటలకల్లా ఈ బండి పాలంపేట బయలుదేరాలి. ఎడమ సీట్లో మామ యాకయ్య కూర్చోవాలి. చిలుకమ్మ పోయాక ఆ సీట్లో మనిషి కూర్చోవడం ఇదే మొదలు.

చిలుకమ్మ అతని భార్య. మూడేళ్ల క్రితం అతనికి నిద్ర పట్టకుండా పోయింది. మనస్తత్వశాస్త్రం చెప్పే మనిషి ఆరు వారాలు హైదరాబాదులో దవాఖానలో పడుకుని, తన గొంతే గోడ అవతలి నుంచి వినపడుతుంటే చెవులు మూసుకున్నాడు. ఆమె మేడారం తల్లులకు మొక్కుకుంది: మనిషి మంచిగై ఇంటికొస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని. నిలువెత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. అతను మంచిగై ఇంటికొచ్చాడు. పోయినేడు జాతర నాటికి ఆమె మంచం పట్టింది. అతనొక్కడే బెల్లం తీసుకుపోయాడు. ఇచ్చి వచ్చాడు. ప్రసాదం తెచ్చి ఆమె నోట్లో పెట్టాడు. పదకొండో రోజు ఆమె పోయింది.

ఇచ్చి వచ్చాడు. ఎర్రటి దుమ్ము, కోళ్ల అరుపులు, తల్లుల గద్దెల చుట్టూ జనం, నెత్తిన బెల్లంతో ముందుకు తోసుకుపోతున్న తను. అన్నీ స్పష్టంగా గుర్తున్నాయి. ఒక్కటే చిక్కు. ఆ జనంలో అతనికి తన వీపు కనిపిస్తుంది. చెమటకు అంటుకుపోయిన తెల్లచొక్కా, మెడ మీద మడత. కళ్లతో చూసిన దానిలో మన వీపు మనకెట్లా కనిపిస్తుంది?

"సార్, నిద్రపోయిన్రా?" బండి కింద నుంచి లియాఖత్ గొంతు. రెండు కాళ్లు మాత్రం బయటికున్నాయి.

"లేదు, చెప్పు."

"ఈ షాకబ్జర్‌తోని నాకు దిమాగ్ ఖరాబైతాంది. నవాబు ఉన్నప్పుడు ఈ బండి గింత పరేషాన్ చేసిందో లేదో గని, మీకాడికొచ్చినంక నా ఉమర్ సగం దీని కిందనే పాయె. మా బేగం ఏమంటాందో ఎరికేనా? ఆ కప్పకే తలాక్ ఇయ్యి, లేకుంటే నాకియ్యి అంటాంది."

సారంగపాణి నవ్వాడు. ఈ బండి షాకబ్జర్ ఇప్పటి గొట్టాల్లాంటిది కాదు. ఒక చిన్న ఇనుప పెట్టె, దానికి ఒక చెయ్యి. చక్రం ఎగిరినప్పుడు ఆ చెయ్యి లేస్తుంది. పెట్టెలోని నూనె దాన్ని నిదానంగా దించుతుంది. మొదటిసారి లియాఖత్ దాన్ని విప్పి చూపించినప్పుడు అన్నాడు: "దెబ్బ తినేది స్ప్రింగు సార్. గని అది మర్చిపోదు, ఒక్క గుంటకు పదిసార్లు ఊగుతది. ఊగకుండ మరిపిచ్చేదే ఇది." ఆ మాట సారంగపాణికి ఎంతో నచ్చింది. పాఠంలో కూడా వాడుకున్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడే చెయ్యి తిరగడం మొదలైందని ఆ అమ్మాయి చెప్పింది.

"ఏం అల్లుడా, కప్ప ఇంక దుంకుతలేదా?"

యాకయ్య. స్టేషన్ నుంచి నడిచే వచ్చాడు. నల్ల గొడుగు, భుజాన మూట, మూటలోంచి తొంగిచూస్తున్న, పసిపిల్ల ఉయ్యాలకు కట్టే పసుపు రంగు తొట్టెల గుడ్డ. కేసముద్రం మార్కెట్టులో దడ్వాయి అతను. ముప్పై ఏళ్లుగా రైతుల వడ్లూ, మిరపా, పత్తీ కాంటా మీద తూచిన మనిషి. ఎవరినైనా పలకరించేటప్పుడు కూడా ఒకసారి పైనుంచి కిందికి చూస్తాడు, ఎన్ని కిలోలుంటారో అన్నట్టు.

"ఎండల నడిచొస్తానవేంది మామా? రిక్షా ఎక్కకపోయినవా?"

"రిక్షావోడు నాకన్న ముసలోడు. ఆన్ని ఎక్కిచ్చుకొని నేనే తొక్కాలె." గొడుగు మడిచి, కుండలో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. "రేపు పొద్దుగాల తొట్టెల. మొగిలి ఏడుపొకటే తక్వ, బాపూ నువ్వు రాకుంటే పిల్లను తొట్టెల్ల వెయ్య అంటాంది. పిల్లకు అక్క పేరే పెడుతదట."

మొగిలి చిలుకమ్మ చెల్లెలు. పాలంపేటలో ఇచ్చారు.

"పెట్టుమన్న," అన్నాడు యాకయ్య. "ఊళ్లె ముసలవ్వలు ఒకటే గులుగుడు. పోయినోళ్ల పేరు పెడితే వాళ్ల తీరని మొక్కులన్ని పిల్ల నెత్తికెక్కుతయంటరు మా దిక్కు. నేనన్న, నా బిడ్డకు తీరని మొక్కు లేదే, నా అల్లుడు పోయి తీర్చొచ్చిండు, దాని నోట్లె ప్రసాదం పెట్టిండు, ఇగ ఏం ఫికర్ అని. నోర్లు మూసుకున్నరు."

గూడ్సు బండి మళ్లీ ఈల వేసింది.

"సార్," అన్నాడు లియాఖత్ బండి కింద నుంచి. ఈసారి గొంతులో హాస్యం లేదు. "జర ఇటు రాండ్రి."

వంగి చూశాడు. ఎడమ చక్రం లోపలివైపు, షాకబ్జర్ పెట్టె మీద నల్లగా, జిగటగా ఏదో కారి గడ్డకట్టింది. దాని మీద చీమలు. రెండు వరసలు. ఒకటి షెడ్డు గోడ నుంచి వస్తోంది, ఒకటి వెళుతోంది. తొందర లేదు. చాలాకాలంగా ఆ దారి తెలిసినవాటిలా నడుస్తున్నాయి.

"నూనెకు చీమలు రావు సార్. ఇరవై ఏండ్లసంది ఈ పని చేస్తాన, నూనె తాగే చీమను చూడలే." లియాఖత్ వేలితో కొంచెం తీసి రుద్దాడు, వాసన చూశాడు. ఏ నూనైనా నాలుక కొసన పెట్టి పాతదో కొత్తదో చెప్పడం అతని అలవాటు. పెట్టుకున్నాడు.

"తోబా!" అన్నాడు. "తియ్యగున్నది."

సారంగపాణి కుడి చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. అతను దాన్ని చూశాడు. మణికట్టు ఒకసారి తిరిగింది.

లియాఖత్ పాకుతూ బయటికొచ్చి, కారిన జాడ ఎక్కడి నుంచి దిగిందో వేలితో చూపిస్తూ పోయాడు. పెట్టె మీద నుంచి ఇనుప చట్రం, చట్రం మీద నుంచి బండి అడుగు, అక్కడి నుంచి ఎడమ సీటు వెనక. సీటు ముందుకు వంచాడు. వెనక ఒక పలక, దానికి నాలుగు మూలలా నాలుగు మరలు.

"గీ పలక మీరు చేయించిందే గదా సార్? నేనెప్పుడు ముట్టుకోలే. సామాను పెట్టుకునేటందుకు అనుకున్న."

"నేనా?"

"ఇంగ్లండు బండికి టేకు పలక ఎక్కడిది సార్? గీ మరలు నా డబ్బలయే." ఇంకేదో అనబోయి, అతని ముఖం చూసి ఆగాడు. మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి. సారంగపాణి చెయ్యి గాలిలో తిరిగింది. రెండు. తిరిగింది. చెయ్యి బిగిస్తోంది, లియాఖత్ విప్పుతున్నాడు. మూడు. యాకయ్య బండి వంక కాకుండా అల్లుడి చెయ్యి వంక చూస్తున్నాడు. నాలుగు.

పలక ఊడింది. వేడి గాలి ఒక్కసారిగా బయటికొచ్చింది, పొయ్యి మీద పాకం పొంగినప్పటి వాసనతో. ఆ లోపల, వెనక ఇరుసు మీదుగా, ఎడమవైపుకు ఒదిగి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషిలా ఒక గోనెసంచి ఉంది. అడుగు నల్లగా తడిసి ఉంది. పొట్ట మీద జాజుమట్టితో రాసిన అంకె ఇంకా ఎర్రగానే ఉంది. 63.

లియాఖత్ ఒక్కడే లాగలేకపోయాడు. యాకయ్య వెళ్లి సంచి రెండో చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ సంచిని నేల మీదికి దించారు. దించగానే బండి ఎడమవైపు నిట్టూర్చినట్టు మెల్లగా పైకి లేచింది. రెండు దీపాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి.

"గిది నా రాత," అన్నాడు యాకయ్య.

ముసలాయన సంచి పక్కనే నేల మీద కూర్చున్నాడు. తొట్టెల గుడ్డ ఉన్న మూటను దూరంగా జరిపాడు, దానికి ఏదో అంటుతుందన్నట్టు.

"కేసముద్రంల గీ బండికి నేనే ఎక్కిచ్చిన. జాతర నాడు." తల ఎత్తలేదు. "నువ్వు ఇయ్యలే."

అప్పుడు సారంగపాణికి గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే ఇన్నాళ్లూ అతననుకున్నట్టు చీకటి గదిలో దీపం వెలగడం కాదు. గదిలో దీపం ఎప్పటినుంచో వెలుగుతూనే ఉంది. తనే తలుపు వేసి, బయట నిలబడి, లోపల ఎవరూ లేరని వచ్చినవాళ్లకు చెబుతూ వచ్చాడు.

"ఇయ్యలే మామా," అన్నాడు. అతని గొంతు అతనికే గోడ అవతలి నుంచి వినిపించింది. "పాలంపేట దారి చీలేకాడ బండ్లన్ని ఆగినయి. పూనకంల శివసత్తులు పోతాన్రు. ఒకామె ఊగుకుంట ఊగుకుంట నా ముంగటికొచ్చి ఆగింది. నన్నే చూసింది. దవాఖానల నేను… నేను కూడ గట్లనే ఊగిన. ఎదురుంగ అద్దం పెట్టినట్టయింది. ఇంకో అడుగు పోతే మళ్ల తిరిగిరానని భయమైంది. బండి మలుపుకొని వచ్చిన."

"వచ్చి?"

"ఈ షెడ్డుకే వచ్చిన. శుక్రవారం. లియాఖత్ నమాజుకు పోయిండు. పలక బిగించిన."

లియాఖత్ చేతిలోని మరలు డబ్బాలో పడేయబోయి, చప్పుడవుతుందని పిడికిట్లోనే ఉంచుకున్నాడు.

"నా బిడ్డ నోట్లె పెట్టిన ప్రసాదం ఎక్కడిది?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. బహుశా పదిహేను నెలలుగా అతను భయపడింది ఈ ఒక్క ప్రశ్నకే. మిగిలిన భయాలన్నీ దాని చుట్టూ కట్టుకున్న గోడలు.

"ఈ బెల్లమే. దారిలనే, బండి ఆపుకొని, తాళంచెవితోని సంచి మూల చింపిన. రాయితోని ముక్క కొట్టిన. పసుపు, కుంకుమ హనుమకొండ చౌరస్తల కొని చల్లిన. కళ్లు మూసుకొని తిన్నది. ఇద్దరు తల్లులు కనపడ్డరా అని అడిగింది. కనపడ్డరన్న."

యాకయ్య తిట్టలేదు. తిడతాడని, చెయ్యి చేసుకుంటాడని సారంగపాణి ఎదురుచూశాడు. అది జరిగితే బాగుండుననుకున్నాడు. ముసలాయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు.

"మొగిలికి ఏం చెప్పాలె నేను?" అన్నాడు చివరికి. "పిల్లకు ఏం పేరు పెట్టమనాలె?"

"నా తప్పు మామా. చిలుక బరువంత ఇన్ని దినాలు పక్కన పెట్టుకొని…"

"చిలుక బరువేంది?" యాకయ్య కనుబొమలు ముడిచాడు. "నా బిడ్డ ముప్పై తొమ్మిది కిలోలు కూడ లేకుండె అప్పటికి. కాంటా మీద కూసున్నది నువ్వు. మొక్కు నీ పానం మీదిది. కాళ్లు నేలకు ఆనుతానయని నేనే పైకి మడుసుకొమ్మన్న. అరవై మూడు నీ తూకం."

సారంగపాణి జ్ఞాపకంలో కాంటా ఉంది. కాంటా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నది చిలుకమ్మ. ఆకుపచ్చ చీర. నవ్వుతోంది. పక్కన నిలబడి చూస్తున్నది తను. అంత స్పష్టంగా ఉంది. వీపు కనిపించినంత స్పష్టంగా.

పదిహేను నెలలుగా ఎడమ సీటు వెనక ముడుచుకుని కూర్చుని, గుంట వచ్చినప్పుడల్లా ఇనుమును విరగ్గొట్టినది ఆమె కాదు.

"సార్, కూసోండ్రి," అన్నాడు లియాఖత్. స్టూలు జరిపాడు. అతను కూర్చోలేదు.

యాకయ్య మాత్రం అతన్ని చూడడం లేదు. సంచిని రెండు చేతులతో తడుముతున్నాడు. దడ్వాయి చేతులు. ముందు కింది మూలలు రెండూ, తరువాత పై చెవులు రెండూ. ఒకసారి అయ్యాక మళ్లీ మొదటి నుంచి తడిమాడు.

"ఏ మూల చింపినవ్?"

"పైది. ఎడమది."

"ఇటు రా. చూపియ్యి."

సారంగపాణి వంగాడు. పై ఎడమ చెవి నిండుగా ఉంది. గోనె పోగు ఒక్కటి కూడా తెగలేదు. కుడిది చూశాడు. కింది మూలలు తడిసి జిగటగా ఉన్నాయిగానీ చిరుగు లేదు. సంచి మూతి పొడవునా సుతిలి కుట్టు, దబ్బనంతో వేసిన దగ్గర దగ్గర కుట్టు, కొసన మూడు మెలికలు వేసి వెనక్కి తిప్పిన ముడి.

"ఈ ముడి మా మార్కెట్ల నేనొక్కన్నే ఏస్త," అన్నాడు యాకయ్య. "ఒకపాలి ఇప్పితే మళ్ల ఎవ్వనికి పడదు. అల్లుడా, దీన్ని ఎవ్వలు ఇప్పలే. ఎవ్వలు చింపలే. ఇది నేను కుట్టిన నాడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

బయట ఎండలో వడగాలి లేచి, షెడ్డు రేకును ఒకసారి తట్టి పోయింది.

"నువ్వు జాతరకు పోలేదంటివి. ఈ సంచి ఇప్పలేదని ఇదే చెప్తాంది. మరి నా బిడ్డ నోట్లె పెట్టింది ఏంది? ఎక్కడిది?"

రాయి గుర్తుంది. అరచేతిలో రాయి అంచు కోసుకున్నది గుర్తుంది. అతను అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మచ్చ ఉంది, సన్నగా, తెల్లగా. బెల్లం ముక్క పెళ్లున విరిగిన చప్పుడు గుర్తుంది. విరిగిన చోట మెరిసిన గోధుమరంగు గుర్తుంది. అయితే ఏ బెల్లం? ఎవరి సంచి? తిరిగి వచ్చానన్నది నిజమా, పోయి ఇచ్చానన్నది నిజమా? రెండూ అబద్ధాలైతే ఆ సాయంత్రం తన చేతిలో పసుపు చల్లిన ముక్కను ఎవరు పెట్టారు?

"తాతా, ఇప్పి చూడుండ్రి," అన్నాడు లియాఖత్ మెల్లగా. "లోపట ముక్క తక్వున్నదా, లేదా, తెలుస్తది గదా."

యాకయ్య తల అడ్డంగా ఊపాడు. "కుట్టినోడు ఇప్పొద్దు. ఎవలు తూగిన్రో వాళ్లే ఇప్పాలె." అల్లుడి వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తూకం ఉంది. "ఇప్పుతవా? ఇప్పకుంటె ఇప్పకు. గని రేపు తొట్టెల్ల పిల్లను పండవెట్టెటప్పుడు పేరు నేను పలుకాలె. ఏ పేరు పలుకాల్నో నాకు ఈడనే తెలువాలె."

విప్పితే, పైనున్న బెల్లం ముద్ద మూల విరిగి ఉంటే? కుట్టు తెగని సంచిలో విరిగిన ముద్ద. లేదా అన్నీ నిండుగా ఉంటే? రెండింటిలో దేనికి తను ఎక్కువ భయపడుతున్నాడో అతనికి తెలియలేదు. ఈ బండి అమ్మేయొచ్చు. సంచిని ఇట్లాగే తిరిగి లోపల పెట్టి, పలక వేసి, నాలుగు మరలు బిగించొచ్చు. చెయ్యికి ఆ పని బాగా తెలుసు.

అతను కుడి చెయ్యి వంక చూశాడు. అది తిరగడం లేదు.

సంచి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముడి కొసను వెతికాడు. బెల్లపు జిగటతో అది గట్టిపడి ఉంది. గోరుతో గీరాడు. నోటితో తడి చేశాడు. నాలుకకు తీపి తగిలింది. కొస లేచింది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య దాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, లాగాడు.